సామికి చాలే కొలత

గుర్నాథం మామకు తిరుత్తణిలో రెండు పేర్లు. మామూలు రోజుల్లో ప్రెస్ గుర్నాథం. ఆడి నెల దగ్గర పడితే వేల్ మామ. మొదటి పేరుకు జీతం వస్తుంది, రెండో పేరుకు మర్యాద వస్తుంది. రెండింటిలో ఏది ఆయనకు ఇష్టమో అడగక్కర్లేదు. ప్రెస్ దగ్గర నడిచేటప్పుడు ఆయన వీపు కొంచెం వంగి ఉంటుంది. ఆ నెలలో వచ్చే మురుగన్ పండుగ, ఆడికృత్తిక రోజున అదే వీపు ధ్వజస్తంభంలా నిలబడుతుంది.

ఆయన పనిచేసేది అరక్కోణం రోడ్డులో బాలమురుగన్ గారి వర్క్‌షాపులో. స్టీలు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కొట్టి, వాటిని తట్టలుగా, చట్నీ గిన్నెలుగా వత్తి, మెరుగు పట్టి తిరువళ్ళూరు పాత్రల కొట్లకు పంపిస్తారు. అన్నం తినే కంచాన్ని మా వైపు తట్ట అంటాం. రేకు మీద ఎక్కడెక్కడ బిళ్ళ రావాలో గుర్తు పెట్టి ప్రెస్ కింద కొట్టడం గుర్నాథం మామ పని. బిల్లులు వేసే కంప్యూటర్ ముందు కూర్చోవడం నా పని. నా కుర్చీ నుంచి ప్రెస్ తిన్నగా కనబడుతుంది. ప్రెస్ ఆగినప్పుడు మాటలు కూడా వినబడతాయి.

బిళ్ళలు కొట్టేశాక రేకులో చిల్లులు మిగులుతాయి, చిల్లుల మధ్య తునకలు మిగులుతాయి. నాలుగు బిళ్ళలు ఒకదాన్నొకటి ఆనుకున్న చోట మిగిలే తునకకు నాలుగు కొనలుంటాయి. దాన్ని కత్తిరించి, ఒక కొన ఉంచి మిగతావి గుండ్రం చేసి, సుత్తితో తట్టి, ఆకురాయితో రుద్దితే ఆకులాంటి ఆయుధం వస్తుంది. అదే మురుగన్ చేతిలోని వేల్. కావడి ఎత్తేవాళ్ళు దాన్ని కావడికి కట్టుకుని కొండెక్కి, సామి పాదాల దగ్గర పెట్టించి, ఇంటికి తెచ్చి పటాల దగ్గర ఉంచుకుంటారు. ఊత్తుకోట నుంచి, కవరైపేట్టై నుంచి కూడా గుర్నాథం మామ చేసిన వేల్ కోసం వస్తారు. ఆయన ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోడు.

దీనికొక నియమం ఉంది. వేల్ మిగిలిన తునకలోంచే రావాలి. కొత్త రేకు కోసి చేయకూడదు. వర్క్‌షాపు పెట్టిన బాలమురుగన్ గారి తాత మొదటి ఏడాది సామికి ఏమీ ఇచ్చుకోలేక, చెత్తలో మిగిలిన తునకతో ఒక వేల్ చేసి తీసుకుపోయాడట. ఆ తర్వాత వ్యాపారం పుంజుకుంది. చేతిలో డబ్బు లేక చేసిన పని, డబ్బు వచ్చాక ఆచారమైంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా ఆ నియమం తప్పడమంటే వర్క్‌షాపు పునాది రాయి పీకినట్టే.

నియమంలో పరిమాణం సంగతి లేదు. అందువల్ల అది గుర్నాథం మామ చేతికి వచ్చింది. రేకు మీద గుర్తులు పెట్టేటప్పుడే ఏ తునక ఎవరికి పోవాలో ఆయన మనసులో ఉంటుంది. తనను చూసి సైకిల్ దిగి పలకరించేవాళ్ళ కోసం బిళ్ళలను కాస్త ఎడంగా జరుపుతాడు. ఆ నాలుగు బిళ్ళల మధ్య అరచేయంత వేల్ పుడుతుంది. పలకరించనివాళ్ళకు దగ్గరగా జరుపుతాడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆడి నెలకు ముందు ఆయన ఇంటికి జామకాయలు, మురుకులు, చింతపండు వస్తాయి. భక్తితో ఇస్తున్నారని ఆయన, వేల్ కోసం ఇస్తున్నారని ఆయన భార్య తాయమ్మ అత్త, ఇద్దరూ కలిసి తింటారు.

పోయిన ఏడాది అందరికన్నా చిన్న వేల్ తాయమ్మ అత్త తమ్ముడికి పోయింది. పేరు గుణశేఖర్, కడంబత్తూరులో మల్లెతోట. ఒక పెళ్ళిలో, నలుగురిలో, "మా బావ సామికి ఇచ్చేది తుక్కే గదా" అని నవ్వాడు. అది నిజమే, నియమమే అలా చెబుతుంది. అందుకే గుర్నాథం మామకు అంత కోపం వచ్చింది. ఆ పెళ్ళి తర్వాత వచ్చిన ఆడికృత్తికకు బామ్మర్ది చేతిలో పడిన వేల్ ఎంత ఉందంటే, ఇచ్చినవాడు ఇవ్వలేదని అనడానికి లేదు, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నానని చూపించుకోవడానికి లేదు. గుణశేఖర్ దాన్ని కళ్ళకద్దుకుని కావడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఈ ఏడాది వేసవిలో, చిత్తిరై నెలలో స్టీలు ధర పెరిగింది. బాలమురుగన్ గారు చెత్త రేకులను చూసి నిట్టూర్చడం మొదలుపెట్టారు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న ఆయన కూతురు యోగిత శనివారం ఇంటికి వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని, బిల్లుల కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఎవరో యూనివర్సిటీ వాళ్ళు చేసి ఊరికే ఇస్తున్నారట. బిళ్ళలను రేకు మీద ఎలా పేరిస్తే ఎక్కువ వస్తాయో అది చెబుతుంది.

యోగిత నాకు ఓపిగ్గా వివరించింది. రెండు బిళ్ళల నడిబొడ్ల మధ్య దూరం, దాని వర్గం, ఇంతకు తగ్గకూడదు. ప్రతి జతకూ ఇలాంటి షరతు ఒకటి. బడిలో మేము ఎక్స్, వై అని రాసుకున్న బహుపదులే ఇవి, కాకపోతే చాలా ఉంటాయి. మొత్తం రేకును తీసుకుంటే కంప్యూటర్ ముసలిదైపోతుందని, ఒక పట్టీ మేరకే లెక్క పెట్టి, ఆ పట్టీనే రేకంతా వరసగా వేసుకోవాలని చెప్పింది.

వాళ్ళ నాన్నకు మాత్రం వేరేలా చెప్పింది. మంచు పట్టిన తెల్లవారుజామున కొండెక్కేవాడు, పక్కనున్న గుట్ట ఎక్కి, ఇంక పైకి దారి లేదు కాబట్టి ఇదే సామి కొండ అనుకుని కొబ్బరికాయ కొట్టి దిగి వచ్చేస్తాడు. మామూలు సాఫ్ట్‌వేర్లు అలాంటివి. ఇది అలా దిగి రాదు. ఊరంతా మడులు మడులుగా చీలుస్తుంది. ఒక్కో మడికీ, ఇందులో ఎంత ఎత్తున్నా చేతిలో ఉన్నదాన్ని దాటదు అని తేలితే ఆ మడిని వదిలేస్తుంది. తెర మీద రెండు అంకెలు కనబడతాయి. ఒకటి ఇప్పటికి దొరికినది. రెండోది, దాటడం ఎవరి తరమూ కానిది. రెండూ కలిసినప్పుడు పని ముగిసినట్టు. అప్పుడిక లోకంలో దీనికన్నా మంచి అమరిక లేదని రుజువు.

బాలమురుగన్ గారికి అమరిక కన్నా రుజువు నచ్చింది. పాత్రల వ్యాపారంలో ఆయనకు ఇంతవరకు ఎవరూ ఏదీ రుజువు చేసి చూపించలేదు. మానిటర్ పైన చిన్న మురుగన్ బొమ్మ అతికించి, కింద చందనం బొట్టు పెట్టారు.

రుజువు వచ్చింది. పెద్ద తట్టల బిళ్ళల మధ్య ఖాళీలో చట్నీ గిన్నెల బిళ్ళలు కూర్చున్నాయి. అవి ఇంతకుముందు వేరే రేకులోంచి వచ్చేవి. యోగిత ఆ అమరికను ఫ్లెక్స్ బ్యానర్లు వేసే కొట్లో అసలు కొలతకే అచ్చు వేయించింది. ఆ ఫ్లెక్స్‌ను రేకు మీద పరిచి, నడిబొడ్లలో గుర్తులు కొట్టడమే గుర్నాథం మామకు మిగిలిన పని. ఆయన దానికేమీ అడ్డం చెప్పలేదు. కొత్తది తనకన్నా బాగా పేర్చిందని మొదటి రేకుకే ఒప్పుకున్నాడు. నిజానికి అంత మంచి పేర్పు ఆయనకెప్పుడూ అక్కర్లేదు.

కొట్టడం అయ్యాక మిగిలిన రేకును రెండు చేతులతో ఎత్తి వెలుగుకు అడ్డంగా పట్టుకున్నాడు. దోమతెరలా ఉంది. ఎక్కడా గోటి గీర కన్నా వెడల్పు తునక లేదు. ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు.

"ఏమ్మే, దీంట్లో వేల్ యాడుండాది?"

నేను తెర వైపు చూశాను. అందులో తట్టలున్నాయి, గిన్నెలున్నాయి. వేల్ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

మరుసటి రోజు ఆయన మొదలాళి దగ్గరికి వెళ్ళాడు. యజమానిని మేము అలా అంటాం. సంగతి విని బాలమురుగన్ గారు, ఓ అంతే కదా, ఒక కొత్త రేకు తీసుకుని వేలాయుధాలకే కోసుకో అని ఉదారంగా అన్నారు. అనేశాక ఆయన ముఖం మారింది. తాత ఫోటో ఆ గోడకే ఉంది. మిగిలిన దాంట్లోంచి ఇవ్వాల్సిన సామికి ముందుగా కోసిచ్చి, వ్యాపారంలో తేడా వస్తే ఎవరు జవాబుదారీ? పోనీ పాత వరసకే పోదామంటే, రుజువు చూసిన కళ్ళకు పాత వరస రేకులు దుబారాగా కనబడుతున్నాయి. చివరికి ఆయన తండ్రులందరూ చేసే పని చేశారు. కూతురికి ఫోన్ చేసి, వేల్ కూడా దాంట్లోకి ఎక్కించమన్నారు.

యోగిత మరుసటి శనివారం వచ్చింది. అది కష్టం కాదంది. ఆకు ఆకారంలోని వేల్‌ను, పెద్దది, నడిమిది, చిన్నది మూడు బిళ్ళలు వరసగా ఆనుకున్నట్టు ఊహించుకుంటే సాఫ్ట్‌వేర్‌కు అర్థమైపోతుంది. బిళ్ళల మధ్య మిగిలే చోటులోనే పట్టీకి ఒక వేల్ చొప్పున పెట్టింది. అంతా నింపాక ఒక గడి మిగిలింది. గుర్నాథం మామను పిలిచి, గౌరవంగానే అడిగింది.

"మామా, వేల్ ఎంతుంటే చాలు? తక్కువలో తక్కువ?"

"సామికి ఇంత చాలని నేనెట్ట చెప్పేదమ్మా?"

"మీరు చెప్పకపోతే దానికి తెలీదు మామా. తట్టలు ఎక్కువ రావాలని వేల్‌ను చీమంత చేసేస్తుంది."

"చీమంత చేస్తే దానికి పాపం గదా."

"దానికి పాపం కూడా మనమే చెప్పాల."

గుర్నాథం మామ అరచేయి చాపి చూపించాడు. బాలమురుగన్ గారు చిటికెన గోరు చూపించారు. యోగిత ఇద్దరి చేతులూ చూసి ఇంకో దారి చెప్పింది. తక్కువలో తక్కువ చెప్పడం ఇష్టం లేకపోతే వెల చెప్పండి, వేల్ ఒక బియ్యపు గింజంత పెరిగితే ఎన్ని గిన్నెలు వదులుకోవచ్చు అని. బాలమురుగన్ గారు మంచి వ్యాపారి. తిరువళ్ళూరు కొట్లవాళ్ళు నోరు తెరవకముందే దేనికి ఎంతో చెప్పేస్తారు. ఈ ప్రశ్నకు మాత్రం మానిటర్ మీది మురుగన్ వైపు చూసి, చల్లారిపోయిన టీ తాగారు.

"సామికి లెక్కా కణక్కూ వేసేదా పాపా? వద్దులే."

వీధి చివరి గుళ్ళో పూజ చేసే గురుక్కళ్‌ను అడిగి రమ్మని నన్ను పంపారు. ఆయన నవ్వి, భక్తి ఎంత ఉంటే అంత అన్నాడు. వచ్చి చెప్పాను. యోగిత తల ఊపి, దాన్ని మిల్లీమీటర్లలో ఎలా రాయాలో తెలియక ఆ గడిని ఖాళీగానే ఉంచింది. లోకంలో దీనికన్నా మంచిది లేదని నిరూపించగల సాఫ్ట్‌వేర్ అక్కడ ఆగిపోయింది. దానికి కావలసింది ఒక్క అంకె. అది చెప్పడానికి భక్తుడికి ధైర్యం చాలలేదు, వ్యాపారికీ చాలలేదు.

ఆడికి ముందొచ్చే ఆని నెలలో సగం గడిచాక బాలమురుగన్ గారి ఓపిక అయిపోయింది. ఈ ఏడాదికి వేలాయుధాలు మానేద్దాం, బదులుగా మంచి తట్ట ఒకటి చేసి కొండ మీద సమర్పిద్దాం, సామి అర్థం చేసుకుంటాడు అని చెప్పారు. సామి అర్థం చేసుకుంటాడేమో. ఊత్తుకోట వాళ్ళు అర్థం చేసుకోరు. వేల్ లేని ఆడికృత్తిక రోజున గుర్నాథం మామ ఎవరు? ప్రెస్ గుర్నాథం. మెట్ల దగ్గర జనంలో ఒకడు. ఎవరూ సైకిల్ దిగరు. ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం క్యారియర్ తెరిచి, మూత వైపు చూసి మళ్ళీ మూసేస్తున్నాడు. వేల్ పోతే తాను పోయినట్టేనని ఆ మూతకు కూడా తెలిసిపోయింది.

క్యారియర్ నిండుగా తిరిగి వస్తుంటే తాయమ్మ అత్త ఊరుకునే మనిషి కాదు. ఒక రోజు తనే అన్నం పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చింది. సంగతి నా దగ్గర కూపీ లాగింది. తర్వాత మొగుడి ముందు క్యారియర్ పెట్టి, మొదలాళి కూడా వినేలా అడిగింది.

"ఏమయ్యా, సామికి ఎంత చాలునో తెలీదంటా ఉండావంట. పోయినేడు మా తమ్ముడికి ఇచ్చినావే, అది ఎంతుండె?"

గుర్నాథం మామ ముద్ద కలపడం ఆపాడు. "దాని మాట వేరే."

"ఏంది వేరే? కడంబత్తూరోళ్ళకి వేరే సామి ఉండాడా?"

బాలమురుగన్ గారు కుర్చీలోంచి లేచారు. అంత చిన్న వేల్ ఇంతకుముందే ఉందా, అది సామి దాకా పోయిందా అని అడిగారు. కొండకు తీసుకుపోయినాడు గదా, పోకుండా ఎట్టుంటాది అంది అత్త. అయితే తీసుకురా తాయమ్మా అన్నారు ఆయన. పక్క రోజు ఆమె రైలెక్కి పుట్టింటికి పోయి, దాన్ని చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. యోగిత కూడా వచ్చింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. మెరుగు ఇంకా పోని ఆ చిన్న వేల్ బల్ల మీద, చింతాకు రాలిపడినట్టు ఉంది.

నేను వేల్ వైపు కాదు, గుర్నాథం మామ వైపు చూస్తున్నాను. ఆయనకు రెండే దారులున్నాయి. ఇది సామికి చాలదు అంటే, చాలదని తెలిసీ బామ్మర్ది మీద కోపంతో సామికి తక్కువ చేసినట్టు మొదలాళి ముందు ఒప్పుకోవాలి. చాలు అంటే, ఇక మీదట ఊరందరికీ ఇదే. కానీ వేలాయుధాలు మాత్రం ఉంటాయి.

"చెప్పు గుర్నాథం, సామికి ఇది చాలునా?" అన్నారు బాలమురుగన్ గారు.

గుర్నాథం మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తూకం చూస్తున్నట్టు పైకీ కిందికీ ఊపాడు.

"చాలు. నేను చూసే గదా ఇచ్చినాను," అన్నాడు.

యోగిత కొలతలు తీసుకుని గడి నింపింది. సాఫ్ట్‌వేర్ నడిచింది. రెండు అంకెలూ ఒకదాని వైపు ఒకటి, కొత్త పెళ్ళివాళ్ళలా నెమ్మదిగా జరిగాయి. మధ్యలో బాలమురుగన్ గారు రెండుసార్లు వచ్చి, కలిశాయా అని అడిగి వెళ్ళారు. సాయంత్రం నేను టీ గ్లాసులు కడిగి వచ్చేసరికి కలిసి ఉన్నాయి. పోయిన గిన్నెలు కొద్దే. వేలాయుధాలు వచ్చాయి. షరతులన్నీ పాటిస్తూ ఇంతకన్నా మంచి పేర్పు లేదని రుజువు కూడా వచ్చింది. బాలమురుగన్ గారు దాన్ని ప్రింటు తీయించి, తాత ఫోటో పక్కన ఫ్రేము కట్టించారు. తాతకు తమిళం మాత్రమే చదవడం వచ్చేది, ఆ కాగితం మీద అన్నీ అంకెలు. ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోకుండా గోడ మీద ఉన్నారు.

వేలాయుధాలన్నీ ఒకే కొలత. అన్నీ బామ్మర్ది వేల్ అంత, ఒక్క వెంట్రుక కూడా ఎక్కువ కాదు. అలా ఎందుకని నేను యోగితను అడిగాను. ఎక్కువ చేస్తే గిన్నె తగ్గుతుంది కాబట్టి అది ఎప్పుడూ అంచు దాకా వచ్చి అక్కడే ఆగుతుందంది. సంతలో చింతపండు కొంటే చివర గుప్పెడు కొసరు వేస్తారు. దీనికి కొసరు తెలియదు.

గుర్నాథం మామ తెలియజేయాలని చూశాడు. ఎప్పుడూ మురుకులు తెచ్చే ఊత్తుకోట చంద్రావతమ్మ కోసం ఒక వేల్‌ను సుత్తితో సాగదీశాడు. అది పెద్దదైంది గానీ అప్పడంలా పలచబడి, అంచులు ముడుచుకున్నాయి. మళ్ళీ తట్టాడు. కొన చిట్లింది. దాన్ని చెత్తలో వేసి, ఇంక ఎవరి కోసమూ ప్రయత్నించలేదు. జనం మాత్రం ఈ మార్పు తెలియక ఆనవాయితీగా జామకాయలు, మురుకులు ఇస్తూనే ఉన్నారు. ఆయన వద్దనడానికి నోరు తెరిచేలోపు తాయమ్మ అత్త గంపలో పోసేది.

ఆడికృత్తిక రోజు మెట్ల మొదట్లో బాలమురుగన్ గారు ఎప్పటిలాగే మజ్జిగ పందిరి వేయించారు. పందిరి కింద బల్ల మీద పసుపు గుడ్డ పరిచి, వేలాయుధాలు పేర్చి, గుర్నాథం మామ తెల్ల పంచె, పచ్చ తుండుతో నిలబడ్డాడు. వీపు ఇంకా నిటారుగానే ఉంది. తాయమ్మ అత్త, యోగిత, నేను గ్లాసులు అందిస్తున్నాం. నెమలి ఈకల కావళ్ళు, పూల కావళ్ళు, అరోహరా కేకలు, చెమటతో తడిసిన నుదుళ్ళు.

మొదటి గంట ఎవరూ గమనించలేదు. తర్వాత చంద్రావతమ్మ తన చేతిలోనిది పక్కామె చేతిలోనిదాంతో పోల్చి చూసింది. వాళ్ళ వెనకామె కూడా చూపించింది. మూడూ ఒకటే. ఆమె గుర్నాథం మామ ముఖంలోకి ఒకసారి చూసి, కొంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆయన ముఖం వైపు చూడడం మానేశారు. చేయి చాపడం, తీసుకోవడం, పోవడం. రేషన్ కొట్లో లాగ. వరస ఇంతకుముందెప్పుడూ లేనంత వేగంగా కదిలింది. బాలమురుగన్ గారు దాన్ని కూడా సాఫ్ట్‌వేర్ ఖాతాలోనే వేశారు.

గుణశేఖర్ ఎండెక్కాక వచ్చాడు. తన తోట మల్లెలతో కట్టిన కావడి పందిరి పక్కన దించి, వరసలో చివర నిలబడ్డాడు. బాలమురుగన్ గారు ఆయన్ని గుర్తుపట్టి, చేయి పట్టుకుని ముందుకు తీసుకొచ్చారు. ఈ ఏడాది మన వేలాయుధాలన్నింటికీ కొలత ఈయన ఇంటి వేలేనని, ఇంతకన్నా సరైన కొలత లోకంలో లేదని తేలిందని వరసకంతా వినబడేలా తమిళంలో చెప్పారు. రుజువు దేనికి వచ్చిందో ఆయనకు అప్పటికే కొంచెం కలగాపులగమైంది. జనానికి అంత వివరం అక్కర్లేదు. ఒకావిడ తన వేల్‌ను తెచ్చి గుణశేఖర్ చేతికి ఇచ్చి, ఒకసారి తాకి ఇవ్వమంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు చేరారు. ఒక ముసలాయన గుణశేఖర్ కావడికి దండం పెట్టాడు. అప్పటికే తీసుకుని వెళ్ళినవాళ్ళు కూడా కొందరు వెనక్కి వచ్చారు.

గుర్నాథం మామ బల్ల వెనక ఒంటరిగా నిలబడి ఇదంతా చూశాడు. ఆయన చేతులు వేలాయుధాలను సర్దుతున్నాయి. సర్దినవాటినే మళ్ళీ సర్దుతున్నాయి. బాలమురుగన్ గారు మజ్జిగ కుండ వైపు వెళ్ళగానే ఆయన బల్ల దాటి బామ్మర్ది ముందుకు వచ్చాడు. ఆయన ముఖంలో పశ్చాత్తాపం లాంటిదేమీ లేదు. తన సొత్తు ఇంకొకడి చేతిలో చూసినవాడి ముఖం అది.

"శేఖరూ, అది చాల్లేదని తెలిసే ఇచ్చినాను. నీ మీద కోపంతో ఇచ్చినాను. సామిని తల్చుకుని చేసింది కాదు అది."

వేల్ తాకించుకోవడానికి వచ్చినవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తాయమ్మ అత్త చేతిలోని మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏడాదిగా ఆమె రాబట్టలేని మాట అది. బామ్మర్దికి దొరికిన మర్యాద రాబట్టింది.

గుణశేఖర్ చేతిలోని వేలాయుధాలను ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. మాకు నలుగురికే వినబడింది.

"తెలుసు బావా. అందుకే దాన్ని కావడికి కట్టలా. జేబులో ఏసుకుని కొండెక్కి, జేబులోనే దింపుకొచ్చినా. అది సామిని చూడనే లేదు."

యోగిత నా వైపు తిరిగింది. నేను ఆమె వైపు చూశాను. సామికి చాలిందని మేము గడిలో నింపిన కొలత, సామి ఎదటికే పోలేదు. ఫ్రేములో కట్టిన రుజువులో తప్పేమీ లేదు, దానికి ఏమిచ్చామో దాని మీద అది సరిగ్గానే నిలబడి ఉంది. కుండ దగ్గర బాలమురుగన్ గారు ఎవరికో రెండు అంకెలు కలిసిన సంగతి చేతులతో చూపిస్తున్నారు. మా నాన్నకు చెప్పొద్దు అంది యోగిత, చాలా మెల్లగా.

గుర్నాథం మామ బామ్మర్ది ముఖంలోకి, ఆ చొక్కా జేబులోకి, మళ్ళీ ముఖంలోకి చూశాడు. ఇది దెప్పడమో, మర్యాదో ఆయనకు తేలినట్టు లేదు. నాకూ తేలలేదు. చిన్నదని బజారులో చూపించి నవ్వించగలిగినవాడు, ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళు దాచుకున్నాడు.

చివరికి ఆయన బల్ల దగ్గరికి పోయి ఒక వేల్ తీసుకున్నాడు. ఎంచుకోవడానికి అందులో ఏమీ లేదు, అన్నీ ఒకటే. అయినా ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. పచ్చ తుండుతో తుడిచాడు. చందనం గిన్నెలో వేలు ముంచి, ఎవరి వేల్‌కూ పెట్టని బొట్టు దానికి పెట్టాడు. కావడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మల్లెలు పక్కకు జరిపి, నడిమధ్యన, ఎదురుగా వచ్చేవాళ్ళందరికీ కనబడే చోట కట్టాడు. ముడి వేసి లాగి చూసి, మళ్ళీ విప్పి గట్టిగా వేశాడు. వరస ఆగిపోయింది. వెనకున్నవాళ్ళు తొందరపెట్టారు. ఆయన వినలేదు.

గుణశేఖర్ కావడి భుజానికెత్తుకుని మెట్ల వైపు తిరిగాడు. జనం ఆయనకు దారి ఇచ్చారు. నాలుగైదు మెట్లు ఎక్కాక, పందిరి లోంచి గుర్నాథం మామ గొంతు వినబడింది.

"మెట్ల మీద నీళ్ళు పోసుండారు. చూసి పో."

భుజం మీద కావడి ఉంది కాబట్టి గుణశేఖర్ వెనక్కి తిరగలేదు. ఒక చేయి పైకెత్తి, అలాగే ఎక్కుతూ పోయాడు.